పరగడుపున వేసుకున్న మాత్ర

మత్తులో పడిపోయిన మనిషిని మా ఊళ్లో ఎవరూ లేపరు. పడ్డచోటి నుంచి నీడకు జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, దుప్పటి కప్పి ఎవరి పని మీద వాళ్లు పోతారు. కోళ్లు మీదికెక్కకుండా చూడమని ఇంట్లో ముసలమ్మకు చెబుతారు. లేచాక కూడా ఎవరూ ఏమీ అడగరు, ఎగతాళి చెయ్యరు. తాగి పడిపోయినవాణ్ణి కాలితో తన్ని లేపడం నేను విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు మొదటిసారి చూశాను. మా ఊరు ఎంత మంచిదో అని ఆ రోజు మురిసిపోయాను. ఇప్పుడు ఆ మంచితనం తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

నేను పాడేరులో ఒక బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. మా ఊరు హుకుంపేట సంతకు నడిచివచ్చే కొండల్లో ఎక్కడో ఉంది, పేరు రాయను. మా నాన్నను అయ్య అంటాం, ఆడపిల్లను గుంట అంటాం. అయ్యకు ఇంటి వెనక కాఫీ, ఆ నీడచెట్లకు పాకిన మిరియాలు, పై కొండవాలులో సామలు, చోళ్లు. మనిషి ఎండుకర్రలా ఉండేవాడు. సంతకు చింతపండు మూట నెత్తిన పెట్టుకుని నడిచేవాడు, మళ్లీ నడిచే వచ్చేవాడు. జీపెక్కమంటే కాళ్లు ఎందుకున్నాయి అనేవాడు.

అలాంటి మనిషికి షుగర్ ఉందని కాలి బొటనవేలు చెప్పింది. తోటలో తుప్పలు కొడుతుంటే కత్తి తగిలిన చిన్న గాయం అది. వానలు పోయాయి, చలి వచ్చింది, పుండు మాత్రం మానలేదు. రాత్రుళ్లు మాటిమాటికీ బయటికి లేచేవాడు. కుండెడు నీళ్లు తాగేవాడు. ఎవరో చిల్లంగి పెట్టారని, చేతబడి చేశారని అమ్మ ఏడుపు. నేను పోరుపెట్టి సంతలో పెట్టిన వైద్య శిబిరానికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు కాగితం చూసి నవ్వాడు. "రోజంతా కొండలెక్కి దిగేవాళ్లు, మీక్కూడా షుగరా?" అన్నాడు. డబ్బున్నవాళ్ల సొత్తు మేము ఎత్తుకొచ్చామన్నట్టు అన్నాడు. సన్నటి మనిషికీ, చెమటోడ్చే మనిషికీ ఈ జబ్బు వస్తుందని ఆయనకు తెలియదా? తెలిసే ఉంటుంది. మమ్మల్ని చూడగానే మర్చిపోయి ఉంటాడు.

ఆ తర్వాత గడగడా చెప్పాడు. స్వీట్లు తినొద్దు, బేకరీ తిండి ముట్టొద్దు, టిఫిన్‌కి అరగంట ముందు ఈ మాత్ర వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు, కల్లూ సారా బంద్. అయ్య ప్రతి మాటకూ తలూపాడు. ఆయన జన్మలో బేకరీ గడప తొక్కలేదు. స్వీటంటే పండుగనాటి బెల్లం ముక్క. ఇక టిఫిన్ సంగతి చెప్పాలా? మా ఇళ్లలో పొద్దున్నే ఇడ్లీ దోసెలు ఎవరు వండుతారు? చీకటి విచ్చగానే కొండకు పోయి, పని ఒక కొలిక్కి వచ్చాక ఆనపకాయ బుర్రలో తీసుకెళ్లిన చోడి అంబలి తాగుతారు. అది ఒకరోజు బేగి అవుతుంది, ఒకరోజు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ డాక్టరు తన ఇంటి పొద్దును మా ఇంటికి రాసిచ్చాడు. తిండి లేకుండా ఈ మాత్ర మింగితే ప్రాణం మీదికి వస్తుందన్న ఒక్క ముక్క చెప్పడానికి ఆయనకు తీరిక లేకపోయింది.

అయ్యకు బుర్రలో నాటుకున్నవి రెండే. మాత్ర మానకూడదు, కల్లు మానెయ్యాలి.

కల్లు మానడమంటే మా దగ్గర చెడ్డ అలవాటు మానడం కాదు. మా చిన్నయ్యకు, అంటే అయ్య తమ్ముడికి, రెండు జీలుగు చెట్లున్నాయి. పొద్దున్నే చెట్టెక్కి కుండ దించితే అక్కడున్న ప్రతి మనిషికీ బుర్రతో పొయ్యాలి. పొయ్యనివాడు పిసినారి, తాగనివాడు పగవాడు. పెళ్లి మాటలు, పొలం తగవులు, చావు కబుర్లు అన్నీ ఆ చెట్టు కిందే. అయ్య మొదటిసారి వద్దన్న రోజు చిన్నయ్య మొహం మాడిపోయింది.

"ఏటన్నాయ్, నా సెట్టు కల్లు సేదయిపోనాదా?" అన్నాడు.

"సెట్టు మంచిదేరా. నా ఒళ్లే సెడ్డది," అన్నాడు అయ్య.

అలా అని ఇంట్లో ముడుచుకు కూర్చోలేదు. రోజూ వెళ్లి వాళ్లతోనే కూర్చునేవాడు. తన బుర్రలో మంచినీళ్లు పోసుకుని అందరితో పాటు తాగేవాడు. తమ్ముడి మనసు నొప్పించకూడదని అంత తాపత్రయం. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లనే అంటారని నేను పిల్లలకు పాఠం చెబుతాను. అయ్య విషయంలో అదే జరిగింది. నీళ్ల వంక పెట్టి చాటుగా తాగుతున్నాడని ఊరు నవ్వుకునేది. అయ్యకు అది ముల్లులా గుచ్చుకునేది. నేను ఇంటికెళ్లినప్పుడల్లా, అడగకపోయినా, "నాను తాగట్నేదే గుంటా, నువ్వైనా నమ్ము," అనేవాడు. నేను నమ్మేదాన్ని.

ఒంట్లో చక్కెర సంగతి నేను తర్వాత చదువుకున్నాను. మనం తిన్నది అన్నమైనా అంబలైనా అందులో చాలా భాగం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. కడుపు వెనకాల క్లోమం అని ఒకటుంది. రక్తంలో చక్కెర పెరిగితే అది ఇన్సులిన్ వదులుతుంది. అప్పుడు కండలు కావలసినంత చక్కెర తీసుకుంటాయి, కొంత కాలేయం దాచుకుంటుంది, మా అమ్మ సామలు అటకెక్కించినట్టు. పూట తప్పి చక్కెర తగ్గితే క్లోమమే ఇంకో రసం పంపి, దాచింది దించమని కాలేయానికి కబురు పెడుతుంది. ఈ దాచడం, దించడం మన ప్రమేయం లేకుండా రాత్రీ పగలూ జరుగుతుంటాయి. షుగర్ జబ్బు వచ్చినవాడికి ఈ ఏర్పాటు చెడుతుంది. అయ్యకిచ్చిన మాత్ర క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రాబడుతుంది. కడుపులో మెతుకు ఉందా లేదా అని అది చూడదు. ఖాళీ కడుపున కూడా పిండుతూనే ఉంటుంది. రక్తంలో ఉన్న కాస్త చక్కెరా కరిగిపోతుంది.

చక్కెర పడిపోతుంటే ఒళ్లు ఊరుకోదు, గోల పెడుతుంది. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. అప్పుడు గుక్కెడు పంచదార నీళ్లు తాగితే చాలు, అంతా సర్దుకుంటుంది. తాగకపోతే మెదడుకు తిండి అందదు. నాలుక మడతపడుతుంది, కాళ్లు తడబడతాయి, మనిషి ఉన్నట్టుండి కోపం తెచ్చుకుంటాడు, పొంతన లేని మాటలు మాట్లాడతాడు, ఆఖరికి పడిపోతాడు. ఈ లక్షణాలన్నీ మా ఊళ్లో ఎవరికైనా చెప్పండి, తాగాడంటారు. కింద పట్నంలో చెప్పండి, మనిషి కొండవాడైతే వాళ్లూ తాగాడనే అంటారు.

అది మామిడి కొత్త రోజు. కొత్త పెట్టేదాకా ఆ ఏడాది మామిడికాయ మా వాళ్లు నోట పెట్టరు. ముందు కొండదేవతకూ, చనిపోయిన పెద్దలకూ పెట్టాలి. మా వంశంలో పెద్దవాడు పరగడుపున ఉండి పెట్టాలి. ఆ పెద్దవాడు అయ్యే. పొద్దున్నే స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని మాత్ర చేతిలోకి తీసుకున్నాడట. ఏమీ తినకుండా ఇదెందుకని అమ్మ అడిగిందట.

"మందు తిండి కాదు గదే, ఉపాసం సెడదు. ఒక్కరోజు మానకూడదని సెప్పినారు," అని మింగేశాడు.

సర్కారు మనుషులు చెప్పిన మాట అయ్య ఎప్పుడూ జవదాటలేదు. ఆ బుద్ధిమంతుడి మీద కూడా నాకు కోపమే. ఒక్కసారైనా ఎందుకు ఎదురు ప్రశ్న వెయ్యలేదని కోపం. వేస్తే కసురుతారని ఆయనకు తెలుసు, అందుకని వెయ్యలేదు.

పూజ చేయించే దిసారి ఆ పొద్దు ముందుగా పక్క ఊళ్లకు వెళ్లి ఆలస్యంగా వచ్చాడు. ఆయన కోసం ఎదురుచూస్తూ అయ్య ఎండ ముదిరేదాకా పూజ సామాన్ల దగ్గరే కూర్చున్నాడు. పక్కనే చేటలో మామిడికాయలున్నాయి, ఆకులో బెల్లం అచ్చు ఉంది. కొత్త పెట్టకుండా ఆయన వాటిని తాకనైనా తాకడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి తమ్ముడి మీద అరవడం మొదలుపెట్టాడట. ఎప్పుడో అమ్మేసిన ఎడ్లు ఏవని అడిగాడట. లేచి నాలుగడుగులు వెయ్యబోయి తూలాడట. పొద్దుటి నుంచీ జీలుగు చెట్టు కింద ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారట. "దొరికినాడురా దొంగ!" అన్నారట. పడిపోతే ఎత్తి, ఎంతో ప్రేమగా, పంచలో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దిసారి వచ్చాక అన్న బదులు చిన్నయ్య కొత్త పెట్టాడు. ఆ పక్కనే అన్నం వండారు, కోడి కోశారు, అందరూ తిన్నారు.

నేను బడి ముగించుకుని జీపులో ఊరు చేరేసరికి డప్పు మోగుతోంది. చిన్నయ్య ఎదురొచ్చాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"ఓలె గుంటా, మీ అయ్య మళ్లీ మాలో కలిసిపోనాడే! పంచలో తొంగున్నాడు, లేపకు," అన్నాడు.

అమ్మ కూడా సిగ్గుపడుతూ నవ్వింది. "పోనీలే, పండగ గదా, అలిసిపోనాడు," అంది.

నేను పంచలోకి వెళ్లి చెయ్యి వేశాను. దుప్పటి చెమటకు తడిసి, పిండితే నీళ్లు కారేలా ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. నోటి దగ్గర ముక్కు పెట్టాను. జీలుగు కల్లు తాగినవాడు వీధి మలుపు తిరక్కముందే పులిసిన వాసన కొడతాడు, మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. అయ్య నోట్లో ఉపవాసం వాసన తప్ప ఏమీ లేదు. ఇంతమందికి ముక్కులు లేవా? దుప్పటి కప్పినవాళ్లలో ఒక్కడు వంగి చూడలేదా?

"ఎవరు పోశారు అయ్యకి?" అని కేకవేశాను. డప్పు ఆగింది. చిన్నయ్య పక్కింటివాడి వైపు చూశాడు. పక్కింటివాడు ఇంకొకడి వైపు చూశాడు.

"నాను పొయ్యనేదు. నువ్వు పోసినావనుకున్నాను," అన్నాడు ఒకడు.

"నాకు మీ సెట్టు కాడ పోసినారని సెప్పినారు," అన్నాడు ఇంకొకడు.

ఎవరూ పొయ్యలేదు. ఊరు ఊరంతా తాగాడన్న మనిషికి ఒక్కరూ చుక్క పొయ్యలేదు. పొద్దున మాత్ర మింగి ఏమీ తినలేదని అమ్మ చెప్పగానే, మా బడిలో షుగరున్న టీచరు కళ్లు తిరిగితే తీపి తినడం గుర్తొచ్చి, నేను బెల్లం కరిగించి వేలితో ఆయన బుగ్గ లోపల రాశాను. మింగలేని మనిషి గొంతులో పోస్తే ఊపిరికి అడ్డం పడుతుందని భయం. పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. నన్ను దించిన జీపు ఇంకా వెళ్లలేదు. చిన్నయ్య, ఇంకో ఇద్దరు మోసుకొచ్చారు. అప్పటికీ చిన్నయ్య గొణుగుతూనే ఉన్నాడు. "తాగినోడు రేపటికి లెగుత్తాడు గదే, ఏటి నీ గోల?" చెయ్యి ఎత్తి కొట్టేదాన్నే, ఆ చేతులతోనే అయ్యను పట్టుకుని ఉన్నాను.

జీపు డ్రైవరు కింది ఊరివాడు. అయ్యను చూడగానే తల అడ్డంగా ఊపాడు. "తాగినోణ్ణి ఎక్కించుకోను మేడమ్, కక్కితే సీటు ఎవరు కడుగుతారు?" అన్నాడు. తాగలేదు, జబ్బని చెప్పాను. నవ్వాడు. నా ఒళ్లో పెట్టుకుంటాను, కక్కితే నా మీదే కక్కుతాడు అన్నాక బండి తీశాడు.

ఏ ఆసుపత్రికి వెళ్లామో రాయను. వరండాలో డ్యూటీలో ఉన్నతను కుర్చీలోంచి లేవకుండా మెడ చాపి చూశాడు.

"పండగా? మీవాళ్లకి తాగడానికి పండగ కావాలి. పడుకోబెట్టండి, దిగిపోతుంది," అన్నాడు.

"తాగలేదండీ. షుగర్ ఉంది, మాత్ర వేసుకుని పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఒకసారి షుగర్ చూడండి," అన్నాను.

"షుగర్ పెట్టుకుని తాగితే ఇలాగే ఉంటుంది. ముందే చెప్పుకోవాల్సింది మీ నాన్నకి."

ఆ మాటకు ఏ వైపు నుంచి జవాబు చెప్పినా మేమే దోషులం. షుగర్ లేదంటే తాగుబోతు, ఉందంటే షుగర్ ఉండీ తాగిన తాగుబోతు. అడవిలో ఏ మృగం కాపు కాసినా తప్పించుకునే దారి ఒకటుంటుంది. అక్కడ లేదు.

నేను తెలుగు టీచర్ని. మర్యాదగా మాట్లాడ్డం నా వృత్తి. ఆ సాయంత్రం నా నోట్లోంచి వచ్చిన మాటలు ఏ వాచకంలోనూ లేవు. వార్డులో వాళ్లంతా బయటికొచ్చారు. చివరికి ఒక నర్సు, నా నోటికి భయపడో జాలిపడో, వేలు గుచ్చి రక్తం చుక్క తీసింది. మిషన్ మీద అంకె పడలేదు. కొలవలేనంత తక్కువైతే అంకె రాదట. ఆమె పరుగెత్తి గ్లూకోజు తెచ్చి నరానికి ఎక్కించింది. డ్యూటీ అతను కుర్చీ వదిలి లేచింది అప్పుడే. అతను వాసన చూసి ఉంటే, నేను అలా గొంతు చించుకోవలసిన పని ఉండేది కాదు.

గ్లూకోజు ఎక్కగానే కళ్లు తెరుస్తాడని నర్సు అంది. త్వరగా పట్టుకుంటే అలాగే తెరుస్తారట. అయ్య పొద్దంతా మా ఊరి దుప్పటి కింద ఉన్నాడు. రెండో సీసా సగమయ్యాక రెప్పలు కదిలాయి. ఎదురుగా తెల్లకోటులో డ్యూటీ అతను నిలబడి ఉన్నాడు. అయ్య అతణ్ణే చూశాడు. సూది ఉన్న చేతినీ లేని చేతినీ కలిపి దణ్ణం పెట్టబోయాడు.

"నాను తాగనేదు బాబూ," అన్నాడు.

అతను తల తిప్పుకుని కాగితాల్లో ఏదో వెతికాడు. క్షమించమని అనలేదు. అంటే నేను క్షమించేదాన్నీ కాదు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. మెదడు చాలాసేపు పస్తు ఉండిపోయిందనీ, పోయినదంతా తిరిగి రాదనీ అక్కడ చెప్పారు. ఆ మాత్ర ఆపేశారు, వేరేది ఇచ్చారు. ఇది ముందే ఇవ్వచ్చుగా అని అడిగాను. రోగిని బట్టి ఉంటుందమ్మా అన్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు. మా ఇంట్లో నాలుక మిగిలింది, దానికి వెనకున్న మనిషి పోయాడు.

అమ్మనూ అయ్యనూ పాడేరులో నా దగ్గరే ఉంచుకున్నాను. వేళకు తిండి, వేళకు మందు. కాలి పుండు మానింది. అయ్య కాఫీ తోట మర్చిపోయాడు, సంత దారి మర్చిపోయాడు. చిన్నయ్య వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తాడు. మావాళ్లు పాపం ప్రేమతోనే చేశారని, కోపం మానుకోమని అమ్మ అంటుంది. ప్రేమతో చేసినవాళ్లూ, ఈసడింపుతో చేసినవాళ్లూ ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఎవరి మీద కోపం మానుకోను?

నిన్న బడి నుంచి తిన్నగా ఇంటికొచ్చాను. భుజాన సంచి ఉంది, మెడలో గుర్తింపు కార్డు ఉంది. అంబలి గిన్నె పట్టుకుని అయ్య ముందు కూర్చున్నాను. అయ్య నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత కార్డు వైపు చూశాడు. గబగబా మంచం మీద సర్దుకుని కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"నాను తాగనేదండి మేడమ్," అన్నాడు. "కావాలంటే మా గుంటనడగండి. అదొక్కర్తే నన్ను నమ్ముద్ది."